నల్ల ఇంకులన్నీ ఒకటి కావు: స్టాంపు వేసి కార్డులు చేసేవారు ఏది ఎంచుకోవాలి?

మా పిన్ని కూతురి గృహప్రవేశానికి పిలుపు కార్డులు మేమే చేసుకోవాలనుకున్నాం. కలశం, దాని మీద కొబ్బరికాయ, పైన అంచు నుంచి అంచు దాకా మామిడాకుల తోరణం. ఈ బొమ్మతో ఒక రబ్బరు స్టాంపు చేయించాం. నల్లటి గీతలతో అచ్చు వేసి, లోపల వాటర్ కలర్‌తో రంగులు నింపాలన్నది ఆలోచన.

"శుభకార్యానికి నలుపేమిటే?" అంది అమ్మమ్మ. "రంగులు నింపాక నలుపు కనపడదులే అమ్మమ్మా" అని సర్దిచెప్పాం.

ఇంట్లో ఉన్న ఆఫీసు స్టాంపు ప్యాడ్‌తోనే 60 కార్డుల మీద అచ్చు వేశాం. రాత్రంతా ఆరనిచ్చాం. పొద్దున్నే తడి కుంచె తగిలిందో లేదో, గీతలు ఊదారంగుకు తిరిగి ఆకుపచ్చలో కలిసిపోయాయి. సరే, రంగులు వేయనివైనా పనికొస్తాయిలే అనుకున్నాం. వాటి మూలలకు తడి పసుపు రాస్తుంటే తోరణం చివర్లు కూడా చెరిగాయి. చివరికి అందరికీ వాట్సాప్‌లోనే పిలుపులు వెళ్లాయి. పెద్దవాళ్ల ఇళ్లకు మాత్రం అమ్మమ్మే వెళ్లి బొట్టు పెట్టి పిలిచి వచ్చింది.

మా ఇంట్లో పోయింది ఒక రాత్రి శ్రమ, కాస్త కాగితం. కానీ చేత్తో చేసిన కార్డులను ఆర్డర్ల మీద అమ్ముకునేవారికి ఇదే పొరపాటు జరిగితే పోయేది డబ్బు, మళ్లీ ఆర్డర్ ఇచ్చే మనిషి.

నిజానికి ఆ ప్యాడ్‌లో లోపమేమీ లేదు. రసీదు మీద తేదీ ముద్ర వేయడానికి దాన్ని తయారుచేశారు. ఆ పని అది బాగానే చేస్తుంది. దాని మీద తడి కుంచె నడిపించింది మేము. అందుకే నల్ల ఇంకు కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: అచ్చు వేశాక ఆ కార్డు మీద ఇంకా ఏం చేయబోతున్నాం?

నలుపు దేనితో వస్తుంది?

స్టాంపు ఇంకుల్లో ప్రధానంగా రెండు రకాల రంగులు వాడతారు. ఒకటి డై, రెండోది పిగ్మెంట్.

డై అంటే ద్రవంలో పూర్తిగా కరిగిపోయే రంగు, నీళ్లలో ఉప్పు కరిగినట్టు. ఇది కాగితపు పీచులోకి ఇంకిపోతుంది, త్వరగా ఆరుతుంది. చాలా నల్ల డై ఇంకుల్లో నలుపు ఒకే రంగు కాదు. రెండు మూడు రంగులు కలిస్తే కంటికి నల్లగా కనిపిస్తుంది. తడి తగిలినప్పుడు ఆ రంగులు వేర్వేరు వేగాలతో పాకుతాయి. మా కార్డుల మీద ఊదారంగు బయటపడింది అందుకే.

పిగ్మెంట్ కరగదు. నీళ్లలో కలిపిన ముగ్గుపిండిలా సన్నటి రేణువులుగానే ఉంటుంది. కాగితం పైభాగంలోనే ఎక్కువగా నిలుస్తుంది కాబట్టి నలుపు చిక్కగా కనిపిస్తుంది, సన్నటి గీతలు కూడా స్పష్టంగా పడతాయి. ఆరడానికి మాత్రం సమయం పడుతుంది. నల్ల పిగ్మెంట్ చాలావరకు కార్బన్ బ్లాక్, అంటే ఒక రకం మసి.

మసి ఎంత గట్టిదో తెలియాలంటే తాళపత్రాలను చూడాలి. గంటంతో ఆకు మీద గీసి, ఆ గీతల్లోకి మసి రుద్దేవారు. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఉన్న తెలుగు తాళపత్రాలను ఇప్పటికీ చదవగలుగుతున్నామంటే, వెలుతురుకు కర్బనం వెలిసిపోకపోవడం అందుకు ఒక కారణం.

అలాగని పిగ్మెంట్ అని రాసి ఉన్న ప్రతి ఇంకూ నీటికి ఆగుతుందనుకోకూడదు. రేణువులను కాగితానికి అంటించి పట్టుకునేది ఇంకులోని జిగురు లేదా నూనె. ఆ పట్టు గట్టిగా లేకపోతే పిగ్మెంట్ కూడా చెరుగుతుంది. స్పాంజి ప్యాడ్లలో వచ్చే కొన్ని పిగ్మెంట్ ఇంకులు నిగనిగలాడే కాగితం మీద వేడి తగలనిదే ఆరవు.

ఇవి కాక మూడో రకం సాల్వెంట్ ఇంకు. ఇందులో రంగును మోసుకొచ్చేది త్వరగా ఆవిరయ్యే ద్రావకం. కాగితంలోకి ఇంకాల్సిన అవసరం లేకుండానే ఆరిపోతుంది.

వాటర్ కలర్ వేయాలంటే?

ఆరాక నీటికి కదలని ఇంకు కావాలి. నూనె ఆధారంగా తయారైన పిగ్మెంట్ ఇంకులు ఈ పనికి బాగుంటాయి. జపాన్‌కు చెందిన సుకినెకో సంస్థ తయారుచేసే వెర్సాఫైన్‌లో ఓనిక్స్ బ్లాక్ ఈ కోవకు చెందినదే. అమెరికాలోని రేంజర్ సంస్థ ఆర్కైవల్ ఇంకులో జెట్ బ్లాక్ కూడా నీటికి ఆగుతుంది. అది పిగ్మెంట్ కాదు, నూనె ఆధారిత డై. అంటే డై అనగానే నీటికి చెరుగుతుందనే సూత్రం కూడా అన్నిసార్లూ వర్తించదు.

ఏది వాడినా పూర్తిగా ఆరాకే కుంచె ముట్టించాలి. తొందరుంటే హీట్ గన్‌తో కాసేపు వేడి చూపించవచ్చు.

ఆల్కహాల్ మార్కర్లు వాడితే?

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కోపిక్ లాంటి మార్కర్లలో రంగును మోసేది నీరు కాదు, ఆల్కహాల్. నీటికి చెక్కుచెదరని సాల్వెంట్ ఇంకు ఆల్కహాల్ తగలగానే కరిగి పారుతుంది. నూనె ఇంకులు కూడా మార్కర్ మొనకు అంటుకుని, లేత రంగులను మురికి చేయవచ్చు.

ఈ పనికి ఎక్కువమంది వాడేది నీటి ఆధారిత డై ఇంకు. సుకినెకో వారి మెమెంటోలో టక్సీడో బ్లాక్ ఇందుకు పేరు తెచ్చుకుంది. నీటి తడికి చెరిగే ఇంకే ఆల్కహాల్‌కు నిలబడుతుందన్నమాట. అందుకే వాటర్ కలర్ వేసే స్నేహితురాలు బాగుందని చెప్పిన ప్యాడ్, మార్కర్లు వాడే మీకు పనికిరాకపోవచ్చు. ఆవిడ చెప్పింది అబద్ధమేమీ కాదు, ఆవిడ పని వేరు.

పొడి చల్లి ఉబ్బెత్తుగా చేయాలంటే?

గీతలు ఉబ్బెత్తుగా, మెరుస్తూ కనిపించడానికి ఎంబాసింగ్ పౌడర్ చల్లి కరిగిస్తారు. పొడి అంటుకోవాలంటే ఇంకు కాసేపు తడిగా ఉండాలి. డై ఇంకు అంతలోనే ఆరిపోతుంది, పొడి అక్కడక్కడే పట్టుకుంటుంది. నిదానంగా ఆరే పిగ్మెంట్ ఇంకు ఇక్కడ మేలు. నల్ల ఇంకు మీద రంగులేని పొడి చల్లి, అదనపు పొడిని దులిపి, వేడి చేస్తే గీత మీద ప్లాస్టిక్ పొర ఏర్పడుతుంది. ఆ తర్వాత తడి కుంచెకు భయపడనక్కర్లేదు.

దీనికి హీట్ గన్ కావాలి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ప్రయత్నిస్తే సాధారణంగా పొడి కరిగేంత వేడి రాదు, పైగా గాలికి పొడి ఎగిరిపోతుంది.

ప్లాస్టిక్, రేకు, గాజు మీద అచ్చు వేయాలంటే?

ఇంకును పీల్చుకోని వాటి మీద డై, మామూలు పిగ్మెంట్ ఇంకులు వేలు తగిలితే పోతాయి. ఇక్కడ సాల్వెంట్ ఇంకే దారి. స్టాజాన్ జెట్ బ్లాక్ ఈ రకం. ఘాటైన వాసన వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి వాడాలి. పిల్లలకు ఇవ్వకపోవడం మంచిది. స్టాంపు కడగడానికి నీళ్లు చాలవు, ఆ ఇంకు కోసమే తయారైన క్లీనర్ వాడాలి. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపుల కంటే రబ్బరు స్టాంపులతోనే ఈ ఇంకు వాడటం సురక్షితం.

కాగితం మార్చితే ఇంకూ మారాలా?

చాలాసార్లు మారాలి. నునుపైన పూత ఉన్న ఆర్ట్ కార్డు ఇంకును త్వరగా పీల్చుకోదు. దాని మీద నూనె ఇంకు గంటల తరబడి తడిగానే ఉండవచ్చు. చేతితో చేసిన కాగితం సంగతి వేరు. జైపూర్ దగ్గరి సంగానేర్‌లో నూలుగుడ్డ ముక్కలతో చేసే కాగితానికి దేశమంతటా గిరాకీ ఉంది. ఇలాంటి కాగితానికి సైజింగ్, అంటే గంజి లాంటి పూత సరిగా లేకపోతే పలచటి డై ఇంకు పీచు వెంట పాకుతుంది. గీత అంచులు నూగులా తేలతాయి. దాని మీద చిక్కటి పిగ్మెంట్ ఇంకు నయం. కాగితం గరుకుగా ఉంటే సన్నటి గీతల బొమ్మ కంటే లావు గీతల బొమ్మ ఎంచుకోవాలి.

అచ్చులతో పనిచేసే మన కళాకారులకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. మచిలీపట్నం దగ్గరి పెడనలో కలంకారీ అద్దకానికి సంప్రదాయంగా వాడే నల్ల ద్రావణాన్ని ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేస్తారు. ముందుగా గుడ్డకు కరక్కాయ రసం పట్టిస్తారు. చెక్క అచ్చుతో ద్రావణం అద్దగానే కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నలుపు తేలుతుంది. కరక్కాయ పట్టించని గుడ్డ మీద ఆ నలుపు రాదు. ద్రావణం ఎంత ముఖ్యమో గుడ్డా అంతే ముఖ్యం.

వాతావరణం సంగతేంటి?

ప్యాడ్ మీద రాసే ఆరే సమయం అన్ని ఊళ్లకూ ఒకేలా వర్తించదు. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. కాగితం కూడా ఆ తేమను పట్టి ఉంటుంది, నూనె ఇంకు నెమ్మదిగా ఆరుతుంది. కార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చేముందు ఒక రాత్రి ఆగడం మంచిది. ఎండాకాలంలో అనంతపురం లాంటి పొడి ప్రాంతాల్లో దీనికి వ్యతిరేకం. మూత తీసి ఉంచిన డై ప్యాడ్ చూస్తుండగానే ఆరిపోతుంది. వాడిన వెంటనే మూత పెట్టాలి.

ప్యాడ్ ఎండితే అదే సంస్థ, అదే రకం రీఫిల్ ఇంకు మాత్రమే పోయాలి. నూనె ప్యాడ్‌లో నీటి ఇంకు పోస్తే రెండూ కలవవు, ప్యాడ్ పాడవుతుంది.

లేబుల్‌ను ఎలా చదవాలి?

'వాటర్‌ప్రూఫ్' అంటే ఆరాక నీటికి కదలదని. వెలుతురుకు వెలిసిపోదని కాదు. 'ఫేడ్ రెసిస్టెంట్' అంటే వెలుతురును కొంతకాలం తట్టుకుంటుందని, నీటి గురించి అది ఏమీ చెప్పదు. 'యాసిడ్ ఫ్రీ' అంటే ఇంకులోని ఆమ్లం వల్ల కాగితం పసుపుబారే ప్రమాదం లేదని. 'పర్మనెంట్' అని ఉంటే దేనికి పర్మనెంట్, ఏ కాగితం మీద అన్నది వెనకవైపు చిన్న అక్షరాల్లో వెతకాలి. అక్కడా లేకపోతే పరీక్షించి చూడటమే మార్గం.

ఇంట్లోనే ఎలా పరీక్షించాలి?

అసలు కార్డుకు వాడే కాగితమే ఒక ముక్క తీసుకుని ఆరు అచ్చులు వేయండి. పది నిమిషాలకు ఒకదాన్ని, గంటకు మరొకదాన్ని వేలితో రుద్దండి. మర్నాడు మూడో దాని మీద తడి కుంచె, నాలుగో దాని మీద మార్కర్ నడపండి. ఐదో దానికి తడి పసుపు రాయండి. ఆరో దానిలో సగం మీద మందపాటి అట్ట కప్పి, ఎండ పడే కిటికీ దగ్గర నెల రోజులు ఉంచండి. రెండు సగాలకూ తేడా కనిపిస్తే, దాచుకునే కార్డుకు ఆ ఇంకు వద్దు.

ఒక్క ప్యాడే కొనగలిగితే?

దిగుమతి అయ్యే ప్యాడ్ల ధర ఆఫీసు ప్యాడ్ కంటే చాలా ఎక్కువ. అన్నీ కొనక్కర్లేదు. కుంచెతో రంగులు వేసేవారు, ఎంబాసింగ్ చేసేవారు నూనె ఆధారిత నల్ల పిగ్మెంట్ ప్యాడ్‌తో మొదలుపెట్టవచ్చు. ఆల్కహాల్ మార్కర్లే వాడేవారికి నీటి ఆధారిత డై ప్యాడ్ చాలు. ప్లాస్టిక్, లోహం పని వచ్చినప్పుడే సాల్వెంట్ ఇంకు కొనుక్కోవచ్చు. రంగులేమీ వేయకుండా, లోపలి కార్డు మీద పేరో, తేదీయో ముద్రించడానికైతే ఇంట్లో ఉన్న ఆఫీసు ప్యాడ్ కూడా సరిపోతుంది, తడి తగలకుండా చూసుకుంటే.

ఆ కలశం స్టాంపు ఇంకా మా ఇంట్లోనే ఉంది. మొన్న పాప అన్నప్రాశనకు మళ్లీ బయటికి తీశాం. ఈసారి నూనె ఇంకు వాడాం, ఒక కార్డు మీద అచ్చు వేసి రెండు రోజులు ఆగాం. పసుపు గిన్నె తెచ్చి మొదటి మూల రాసింది అమ్మమ్మే. గీత కదల్లేదు. "ఇక మిగతావి వేయండి" అంది.