జన్యుమార్పిడి ఆహారం తింటే అలర్జీ వస్తుందా?

జన్యుమార్పిడి పంటలు, అంటే జీఎం పంటల మాట వచ్చినప్పుడల్లా చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అవి తింటే అలర్జీ వస్తుందా అండీ?" అని. అన్నిటికీ కలిపి వస్తుందనో, రాదనో చెప్పలేం. ఎందుకో చూద్దాం.

ముందు అసలు అలర్జీ అంటే ఏంటి? మనం తిన్నదాంట్లో ఉండే ఒక ప్రోటీన్‌ని మన రోగనిరోధక వ్యవస్థ శత్రువనుకుంటుంది. దానిమీదకి ఐజీఈ అనే యాంటీబాడీలని తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్ళీ అదే ప్రోటీన్ లోపలికి వెళ్తే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం. కొందరికి ప్రాణం మీదకి కూడా వస్తుంది. వేరుశనగ, పాలు, గుడ్లు, రొయ్యలు, సోయా లాంటివాటితో ఇది ఎక్కువ.

ఇప్పుడు జన్యువు దగ్గరికి వద్దాం. ఒక మొక్కలో కొత్త జన్యువు పెడితే సాధారణంగా ఆ మొక్క కొత్త ప్రోటీన్ ఒకటి తయారుచేస్తుంది. అంటే అలర్జీ సంగతి తేలాలంటే ఆ ప్రోటీన్ ఏది, ఎక్కడిది అని అడగాలి.

అమెరికాలో జరిగిందే చెప్తాను. సోయాలో మెథియోనైన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పశువుల దాణా కోసం దాన్ని పెంచుదామని ఒక విత్తనాల కంపెనీ బ్రెజిల్ నట్ జన్యువుని సోయాలో పెట్టింది. బ్రెజిల్ నట్ పడనివాళ్ళ రక్తంతో పరీక్ష చేస్తే, 9 మందిలో 8 మంది యాంటీబాడీలు ఆ ప్రోటీన్‌ని గుర్తుపట్టాయి. ఈ ఫలితాలు 1996లో ప్రచురించారు. కంపెనీ ఆ సోయాని బజారుకి తీసుకురాలేదు. ఆ పరీక్షే చెయ్యకపోతే? బ్రెజిల్ నట్ జోలికే వెళ్ళని మనిషి సోయా తిని ఆసుపత్రి పాలయ్యేవాడేమో. ప్యాకెట్ మీద "సోయా" అని మాత్రమే ఉంటే ఆయనకి ఎలా తెలుస్తుంది?

రెండోది స్టార్‌లింక్ మొక్కజొన్న. దాంట్లోని ప్రోటీన్ తొందరగా అరగదన్న అనుమానంతో దాన్ని దాణాకి మాత్రమే అనుమతించారు. అయినా 2000లో అది మనుషులు తినే టాకో షెల్స్‌లో బయటపడింది. సరుకంతా వెనక్కి తెప్పించారు. అలర్జీ వచ్చిందన్నవాళ్ళలో కొందరి రక్తం పరీక్షిస్తే ఆ ప్రోటీన్ వల్లే అనడానికి ఆధారం దొరకలేదు. కానీ దాణా గింజ మన కంచంలోకి వచ్చిందా లేదా? వచ్చింది. పరీక్ష ఎంత ముఖ్యమో, వేటికవి విడిగా ఉంచడం కూడా అంతే ముఖ్యం.

మరి మన దగ్గర? వంకాయ తింటే దురద అని మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో అంటారు. దానికి జీఎం కారణం అనుకోకండి. బీటీ వంకాయని 2010లోనే మన దేశంలో ఆపేశారు. 2002 నుంచి బీటీ పత్తి మాత్రం పండిస్తున్నాం, పత్తిగింజల నూనె వంటలోకీ వస్తోంది. అయితే బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు.

మీకు ఏదైనా పడట్లేదనిపిస్తే, ఏం తిన్నారో, ఎంతసేపటికి ఏమైందో రాసిపెట్టుకుని అలర్జీ డాక్టర్‌కి చూపించండి. ఊపిరి ఆడకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఇక కొత్త జీఎం పంట వస్తోందని వింటే మూడు ప్రశ్నలు అడగండి. ప్రోటీన్ ఎక్కడిది? ఎలా పరీక్షించారు? ప్యాకెట్ మీద రాస్తారా? వీటికి జవాబు అడిగే హక్కు తినేవాళ్ళకి ఉంది.