కనబడని బొమ్మ చేసే పని

పిల్లలూ! బట్టల కొట్లో మీ అమ్మగారు ఏ చీర మడత విప్పి చూచారో, దేనిని రెండోసారి తాకారో కొట్టువాడు ఓరకంట కనిపెడుతూనే ఉంటాడు. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి అప్పుడే తెలిసిపోతుంది. అమెరికాలో కొన్ని కాలేజీలు తమ దగ్గర చేరదలచిన విద్యార్థులను ఇంటర్నెట్‌లో ఇలాగే కనిపెడుతున్నాయి.

ఎలాగంటారా? కాలేజీవారు ఒక కుర్రవాడికి ఈమెయిల్ పంపుతారు. అందులో అక్షరాలతోపాటు ఒక బొమ్మ కూడా ఉంటుంది. దాని పొడవు ఒక చుక్క, వెడల్పు ఒక చుక్క. రంగు లేదు, కంటికి ఆనదు. ఉత్తరం తెరవగానే ఆ బొమ్మను పంపమని ఫోను కాలేజీవారి తరపు కంప్యూటరును అడుగుతుంది. "ఫలానావాడు ఫలానా గంటకు ఉత్తరం తెరిచాడు" అని ఆ కంప్యూటరు వెంటనే రాసుకుంటుంది. ఉత్తరంలోని లింకు కూడా అందరికీ ఒకటి కాదు. ఎవరి గుర్తు వారిదే. దానిని నొక్కి కాలేజీ వెబ్‌సైటులోకి వెళ్ళాడా, 'కుకీ' అనే చిన్న చీటీ అతని ఫోనులో చేరుతుంది. కుకీ అంటే అమెరికాలో బిస్కట్టు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఆయన ఈ చీటీని తయారుచేశాడు. తినడానికి మాత్రం పనికిరాదు! ఇక హాస్టలు పేజీ ఎన్నిసార్లు చూచాడో, ఫీజుల పేజీ దగ్గర ఎంతసేపు ఆగాడో అంతా అతని పేరు కింద జమ.

న్యూజెర్సీలోని సీటన్ హాల్ విశ్వవిద్యాలయం ఇటువంటి సంగతులు 80 దాకా కూర్చి, ఒక్కొక్కరికి 1 నుంచి 100 వరకు మార్కు వేస్తున్నదని 2019లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక రాసింది. పరీక్ష లేకుండానే మార్కులన్నమాట!

వారికి ఈ తాపత్రయం ఎందుకు? సీటు ఇచ్చినవారందరూ చేరరు. పిలిచినవారిలో ఎందరు వస్తారో, ఎన్ని విస్తళ్ళు వేయాలో తెలియని పెళ్ళివారి అవస్థే వారిది. అంతవరకు న్యాయమే. కాని ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్ల సంగతేమిటి? నాన్నగారి ఫోను గంటసేపు అరువు తీసుకొని చదువుకొనే పిల్లవాడి మాటేమిటి? వారికి ఎంత ఆశ ఉన్నా ఆ లెక్కలో ఆసక్తి లేనివారుగానే తేలుతారు. ఇది నాకు నచ్చలేదు. ఎం.ఐ.టి. వంటి సంస్థలు ఈ ఆసక్తిని లెక్కలోకి తీసుకోవు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ పెదనాన్నగారి పిల్లలు కాలేజీ వెదుకుతుంటే వారికి ఒక సంగతి చెప్పండి. అక్కడి కాలేజీలు చాలావరకు ఏటేటా 'కామన్ డేటా సెట్' అనే పట్టిక ప్రకటిస్తాయి. దరఖాస్తుదారు ఆసక్తిని చూస్తారా, చూడరా అన్నది అందులో ఉంటుంది.

అన్నట్టు, 2021లో ఆపిల్ కంపెనీ తన మెయిల్‌లో ఒక మార్పు చేసింది. దానిని పెట్టుకొన్నవారికి వచ్చే ఉత్తరాలలోని బొమ్మలను కంపెనీ కంప్యూటర్లే ముందుగా తెప్పించి ఉంచుతాయి. దానితో, తెరవని ఉత్తరాన్ని కూడా తెరిచినట్టే రాసుకుంటున్నది కాలేజీవారి కంప్యూటరు.