జపాన్ మిల్లు ఊళ్ళలో ఒంటరిగా మూడు రోజులు

జపాన్ పోయినవాళ్ళు గుడులు, చెర్రీ పూలు, బుల్లెట్ రైలు ఫోటోలు చూపిస్తారు. నేను పోయింది పాత మిల్లులు చూడటానికి. మా అమ్మ ఇరవై ఏళ్ళు రింగ్ ఫ్రేమ్‌లో సైడర్ పని చేసింది. మనలాంటి ఆడవాళ్ళు అక్కడ ఎట్లా బతికినారో చూడాలని ఒక్కదాన్నే బయల్దేరినాను.

మొదటి రోజు నగోయా. స్టేషన్ నుంచి అరగంట నడిస్తే ఎర్ర ఇటుకల పాత మిల్లు వస్తుంది. సకిచి టొయోడా అనే ఆయన మగ్గాలు పరీక్షించటానికి 1911లో పెట్టిన చోటు అది. 1994 నుంచి మ్యూజియం. ఆయన వడ్రంగి కొడుకు. 1924లో ఆయన చేసిన మగ్గంలో పోగు తెగితే మగ్గం తనంతట తానే నిలిచిపోతుంది. నాడె మార్చటానికి మాత్రం నిలపాల్సిన పని లేదు. ఒక్క మనిషి ఎన్నో మగ్గాలు చూసుకోవచ్చు. దాని హక్కులు 1929లో ఇంగ్లండు ప్లాట్ బ్రదర్స్ కొన్నారు. టొయోటా కార్ల కంపెనీ వేరు కూడా ఈ మగ్గంలోనే ఉంది. మ్యూజియంలో పనివాళ్ళు మిషన్లు నడిపి చూపిస్తారు. దూది నూలయ్యే ఆ శబ్దం మనకు కొత్త కాదు, ఒక్కరూ భాష చెప్పకపోయినా అర్థమైపోతుంది.

రెండో రోజు ఒసాకా. బుల్లెట్ రైలులో గంట కూడా పట్టదు. అందరిలాగే కోట చూసినాను. ఇప్పుడున్న బురుజు 1931లో ఊరి జనం చందాలతో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు కూడా ఉంది. ఈ ఊళ్ళోనే 1883లో 10,500 స్పిండిళ్ళతో పెద్ద నూలు మిల్లు మొదలైంది. రాత్రీ పగలూ నడిపినారు. ఒసాకాకు తూర్పు మాంచెస్టర్ అని పేరొచ్చింది.

ఆ పేరు తెచ్చింది పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు. తండ్రికి ముందే బయానా ఇచ్చి కూతుర్ని హాస్టల్లో పెట్టేవారు. ఇష్టమొచ్చినప్పుడు గేటు దాటటానికి లేదు. మిల్లులో పనిచేసిన హొసోయి వకిజో 1925లో వాళ్ళ కష్టాల మీద పుస్తకం రాసినాడు. ఫ్యాక్టరీ చట్టం 1911లో వచ్చింది, అమలు 1916లో. ఆడవాళ్ళ నైట్ షిఫ్టు ఆగింది మాత్రం 1929లో. పెళ్ళి ఖర్చుకు డబ్బు చేరుతుందని మూడేళ్ళ ఒప్పందం మీద హాస్టల్లో చేరిన మన పక్క పిల్లలు ఈ కథ వింటే ఏమంటారు?

ఆ రాత్రి తొమ్మిదికి దోతోంబోరి కాలువ పక్కన ఒంటరిగా తిరిగినాను. నన్నెవరూ ఎక్కడికని అడగలేదు. ఆ అమ్మాయిలకు దొరకనిది అదే కదా అనిపించింది.

మూడో రోజు ఒకయామాలో రైలు మారి కురషికి చేరినాను. తెల్ల గోడల గోదాములు, కాలువ, ఒడ్డున విల్లో చెట్లు. ఇక్కడి మిల్లు కంపెనీ 1888లో పెట్టింది, మన కోవిల్‌పట్టి లాయల్ మిల్లు కంటే మూడేళ్ళు పెద్దది. తర్వాతి యజమాని ఒహారా మగొసబురో పెద్ద హాస్టళ్ళు తీసేసి చిన్న చిన్న ఇళ్ళు కట్టించినాడు. 1921లో పనివాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన సంస్థ, 1923లో ఆసుపత్రి పెట్టించినాడు. లాభం చూసుకుంటూనే ఇంత చేయవచ్చని ఆ ఊరు చెప్తుంది. తీగ అల్లుకున్న ఆ పాత మిల్లు 1974 నుంచి హోటలు. నూలు వడికిన చోట టూరిస్టులు నిద్రపోతున్నారు.

పోవాలనుకునే అక్కచెల్లెళ్ళకు రెండు మాటలు: పెద్ద ఊళ్ళ రైళ్ళలో ఆడవాళ్ళకు వేరే పెట్టెలుంటాయి. మాంసం తిననివాళ్ళు పులుసుల జోలికి పోవద్దు, చాలావాటిలో చేపల సారం ఉంటుంది. ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద ప్రతి అంగట్లో దొరుకుతుంది. మన ఊరగాయ అన్నమే అనుకోండి.

మూడు ఊళ్ళలోనూ మగ్గం చేసినవాళ్ళ పేర్లు, మిల్లు పెట్టినవాళ్ళ పేర్లు పెద్దక్షరాల్లో ఉన్నాయి. నూలు వడికిన అమ్మాయిల పేర్ల కోసం వెతుక్కోవాలి. మన కాలనీల్లో అట్లా కానివ్వొద్దు. ఈ నెల మీ అమ్మనో, అవ్వనో అడగండి: ఏ ఏడు చేరినావు, ఎన్ని సైడ్లు చూసినావు, మొదటి జీతం ఎంత? చెప్పింది చెప్పినట్టు, పేరుతో సహా, ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.