వాసన పోయినవాళ్లు నూటికి ఎందరు?

కరోనా సోకినవాళ్లలో నూటికి ఎందరికి వాసన పోయింది? 2020 తొలి నెలల వైద్య పరిశోధనలు తిరగేస్తే ఈ ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు దొరుకుతాయి. వూహాన్ లెక్కలో 5. ఐరోపా లెక్కలో 86. టెహ్రాన్ లెక్కలో 98. మూడూ పేరున్న వైద్య పత్రికల్లో అచ్చయినవే, దొంగ లెక్క ఒక్కటీ లేదు. తేడా అంతా ఎవరిని అడిగారు, ఎలా అడిగారు అన్నదాంట్లో ఉంది.

ముందు వూహాన్ సంగతి. అక్కడి ఆసుపత్రుల్లో చేరిన 214 మంది రికార్డులను వైద్యులు తర్వాత తీరిగ్గా తిరగేశారు. వాసన తగ్గిందని రాసి ఉన్నది 5.1 శాతం మందికే. ఆ 214 మందిలో 88 మందికి జబ్బు తీవ్రంగా ఉంది. ఆయాసంతో రొప్పుతూ వచ్చిన మనిషిని ఏ డాక్టరైనా ముందు ఊపిరి గురించి అడుగుతాడు గానీ, పూల వాసన తెలుస్తోందా అని అడగడు. అడగనిది కేసు షీటులోకి ఎక్కదు. కేసు షీటులో లేనిది లెక్కలోకి రాదు. 2020 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, చైనా కలిసి విడుదల చేసిన నివేదికలో 55,924 మంది లక్షణాలున్నాయి. జ్వరం 87.9 శాతం, పొడి దగ్గు 67.7 శాతం, చివరికి ముక్కు దిబ్బడ 4.8 శాతం కూడా ఉంది. వాసన ఊసే లేదు.

ఐరోపాలో అడిగిన తీరు వేరు. 12 ఆసుపత్రుల ముక్కు, చెవి, గొంతు డాక్టర్లు పనిగట్టుకుని వాసన గురించే ప్రశ్నలు తయారుచేసి, తేలికపాటి నుంచి ఓ మోస్తరు జబ్బున్న 417 మందిని అడిగారు. 85.6 శాతం మంది వాసనలో తేడా ఉందన్నారు. 11.8 శాతం మందికైతే అన్నిటికంటే ముందు కనిపించిన లక్షణమే అది. ఇదే బృందం తర్వాత 18 ఆసుపత్రుల్లో 2,581 మందిని చూసింది. తేలికపాటి జబ్బు ఉన్నవాళ్లలో 85.9 శాతం మందికి వాసన తేడా రాగా, మధ్యస్థంగా ఉన్నవాళ్లలో అది 4.5 శాతం, తీవ్రంగా ఉన్నవాళ్లలో 6.9 శాతం. ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్లను లెక్కపెడితే వూహాన్ అంకె వస్తుంది. ఇంట్లో ఉండి కోలుకున్నవాళ్లను లెక్కపెడితే ఐరోపా అంకె వస్తుంది. వాసన పోతే గండం గడిచినట్టే అని అప్పట్లో ఒక నమ్మకం బయల్దేరింది. కానీ గుంపు మీద తీసిన సగటు ఒక మనిషికి పూచీ పడదు. ఆ 6.9 శాతం మంది కూడా వాసన పోయినవాళ్లే మరి.

టెహ్రాన్ లెక్క ఇంకా ఆసక్తికరం. 60 మంది రోగుల చేతికి ఒక పరీక్ష పుస్తకం ఇచ్చారు. అందులో 40 వాసనలుంటాయి. పేజీ మీద గీకి, వాసన చూసి, ఇచ్చిన నాలుగు పేర్లలో ఒకటి ఎంచుకోవాలి. 60 మందిలో 59 మంది మామూలు స్థాయి కంటే తక్కువ తెచ్చుకున్నారు. అదే 98 శాతం. అయితే వాళ్లలో వాసన, రుచి తగ్గాయని తమంతట తాము చెప్పినవాళ్లు 35 శాతమే. నోటిని అడిగితే 35, ముక్కును అడిగితే 98! ఇక్కడే ఇంకో మెలిక ఉంది. వాసన పూర్తిగా పోయినవాళ్లు ఆ 60లో 15 మంది మాత్రమే. మిగతావాళ్లకు కొంచెమో ఎక్కువో తగ్గింది. ‘98 శాతం మందికి వాసన పోయింది’ అని రాస్తే అది తప్పు, ‘98 శాతం మందికి తగ్గింది’ అని రాయాలి. శీర్షికలు పెట్టేవాళ్లకు ఈ తేడా అంతగా పట్టదు.

పై మూడు లెక్కలకూ ఒక లోటు ఉంది. కరోనా లేకున్నా ఒంట్లో బాగాలేనివాళ్లలో ఎందరికి వాసన పోయిందో తెలియకపోతే ఈ లక్షణం ఎంత నమ్మదగినదో తేలదు. మామూలు పడిశానికీ ముక్కు పనిచేయడం మానేస్తుంది కదా. ఆ లోటు తీర్చింది లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ల మొబైల్ యాప్. బ్రిటన్, అమెరికాల్లో 26 లక్షల మందికి పైగా తమ లక్షణాలను అందులో నమోదు చేశారు. పరీక్ష చేయించుకున్నది 18,401 మంది. పాజిటివ్ వచ్చినవాళ్లలో 65 శాతం మంది, నెగటివ్ వచ్చినవాళ్లలో దాదాపు 22 శాతం మంది వాసన, రుచి పోయాయన్నారు.

ఈ రెండు అంకెలతో ఒక చిన్న లెక్క చేద్దాం. ఒంట్లో బాగాలేక పరీక్షకు వచ్చినవాళ్లు 1,000 మంది, వాళ్లలో 100 మందికి నిజంగా కరోనా ఉందనుకోండి. ఆ 100లో 65 మందికి వాసన పోతుంది. మిగిలిన 900లో 22 శాతం, అంటే 198 మందికీ పోతుంది. మొత్తం 263 మంది. వాళ్లలో కరోనా ఉన్నవాళ్లు నాలుగో వంతు కూడా పూర్తిగా లేరు. అదే ఊరంతా అంటుకుని 1,000లో 500 మందికి కరోనా ఉంటే? 325 మంది ఇటు, 110 మంది అటు. వాసన పోయిన 435 మందిలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది కరోనావాళ్లే. లక్షణం మారలేదు, దాని విలువ మారింది. ఊళ్లో జబ్బు ఎంతుందో తెలియకుండా ‘వాసన పోయింది, కాబట్టి కరోనా’ అనడం కుదరదు. వాసన బాగానే తెలుస్తోంది కాబట్టి కరోనా లేదనడం అసలే కుదరదు. మొదటి లెక్కలోనే 100లో 35 మంది అలా తప్పించుకుపోతారు.

ప్రభుత్వాలు మాత్రం నెమ్మదిగానే కదిలాయి. బ్రిటన్‌లో ముక్కు, చెవి, గొంతు వైద్యుల తరఫున క్లేర్ హాప్కిన్స్, నిర్మల్ కుమార్ 2020 మార్చి 20న హెచ్చరిక ప్రకటన చేస్తే, అక్కడి అధికారిక లక్షణాల జాబితాలోకి వాసన పోవడం ఎక్కింది మే 18న. మన కేంద్ర ఆరోగ్య శాఖ జూన్ 13న చేర్చింది. ఆ రోజు విడుదల చేసిన చికిత్స నియమావళిలోనే 15,366 మంది రోగుల లక్షణాలూ ఉన్నాయి. జ్వరం 27 శాతం, దగ్గు 21, గొంతునొప్పి 10, ఆయాసం 8, నీరసం 7, ముక్కు కారడం 3, ‘ఇతరాలు’ 24. వాసనకు అందులో సొంత గడి లేదు. నాలుగింట ఒక వంతుకే జ్వరం ఉందని అంకెలు చెబుతున్నా, కిరాణా కొట్టు నుంచి కలెక్టరేట్ దాకా గుమ్మంలో నుదుటికి జ్వరం తుపాకీ గురిపెట్టి లోపలికి పంపాం. పక్కన ఒక డబ్బాలో కాఫీపొడి పెట్టినవాళ్లు నాకు కనిపించలేదు.

ముక్కు దిబ్బడ లేకుండానే వాసన ఎందుకు పోయింది? ముక్కు లోపల, పైభాగాన, వాసన పట్టే నాడీకణాల పొర ఉంటుంది. మనిషిలో సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు ఈ కణాల మీదే ఉంటాయి. ఆ గ్రాహకాల జన్యువులను కనిపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. కరోనా వైరస్‌కు లోపలికి దారి ఇచ్చే ఏస్-2 ప్రొటీన్ ఈ నాడీకణాల మీద కనిపించలేదు, వాటిని ఆనుకుని ఉండి పోషించే సహాయక కణాల మీద కనిపించింది. 2020 జులైలో హార్వర్డ్ పరిశోధకులు ఈ సంగతి చెప్పారు. కోవిడ్‌తో చనిపోయినవారి కణజాలాన్ని పరీక్షించిన మరో బృందం 2021 నవంబరులో దాన్ని బలపరిచింది. దెబ్బ సహాయక కణాలకు తగిలితే, వాటి మీద ఆధారపడిన నాడీకణాలు పని ఆపేశాయి. చాలామందికి మూడు నాలుగు వారాల్లో వాసన తిరిగి రావడానికి కారణం కూడా ఇదే. సహాయక కణాలు మళ్లీ పుడతాయి, నాడీకణాలు కూడా పుడతాయి.

రుచి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. నాలుకకు తెలిసేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు వంటి కొన్నే. పప్పుచారులో ఇంగువ, తాలింపులో కరివేపాకు, కాచిన నెయ్యి కమ్మదనం, ఇవన్నీ నోట్లోంచి గొంతు వెనకగా ముక్కుకు చేరే వాసనలు. మిరపకారం వీటిలో దేనికీ చెందదు. అది ముఖంలో మంట, చల్లదనం తెలిపే వేరే నాడి పని. 4,039 మంది రోగులు తమ అనుభూతులకు 100కు మార్కులు వేసుకున్న ఒక అంతర్జాతీయ సర్వేలో వాసన సగటున 79.7 మార్కులు, రుచి 69 మార్కులు పడిపోయాయి. మంట, చల్లదనం తెలిసే శక్తి 37.3 మాత్రమే తగ్గింది. ఆవకాయ తిన్నవాడికి వాసన లేకున్నా నోరు మండింది అందుకే. ఇంట్లో బామ్ డబ్బా మూత తీసి వాసన చూసుకునే పరీక్ష చాలామంది చేశారు. అందులోని మెంథాల్, కర్పూరం ముక్కులో చల్లగా పొడుస్తాయి. వాసన పూర్తిగా పోయినవాళ్లకూ ఆ పొడుపు తెలుస్తుంది కాబట్టి ముక్కు బాగానే ఉందనుకుంటారు. కాఫీపొడో మల్లెపూలో నయం.

పోయిన వాసన ఎప్పుడొస్తుంది? 18 అధ్యయనాల్లోని 3,699 మంది వివరాలు కలిపి 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. 30 రోజులకు 74.1 శాతం, 90 రోజులకు 90 శాతం, ఆరు నెలలకు 95.7 శాతం మందికి తిరిగి వచ్చింది. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో కోలుకునే అవకాశం తక్కువగా కనిపించింది. దీర్ఘకాలం ఉండిపోయేది 5.6 శాతం మందికని వాళ్ల అంచనా. వినడానికి చిన్న అంకె. వాసన పోయిన ప్రతి కోటి మందిలో 5 లక్షల 60 వేల మంది అన్నమాట. మరికొందరికి వాసన వంకరగా తిరిగొచ్చింది. కాఫీ కుళ్లు కంపు కొట్టింది, వేయించిన ఉల్లిపాయ దగ్గర నిలబడలేకపోయారు. వేపుడులో, కాఫీలో ఉండే కొన్ని గంధక సమ్మేళనాలు ఇందుకు కారణమని ఇంగ్లాండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు గుర్తించారు.

వైరస్ మారేకొద్దీ ఈ లక్షణమూ పలచబడింది. బ్రిటన్ యాప్ లెక్కల్లోనే, డెల్టా నాడు 52.7 శాతం మందికి ఉన్న వాసన లోపం ఒమిక్రాన్ వచ్చేసరికి 16.7 శాతానికి దిగింది. కాబట్టి 2020 నాటి 65 శాతం అంకెను పట్టుకుని ఇవాళ జబ్బు నిర్ధారించుకోవద్దు, పరీక్ష చేయించుకోవాలి.

నెలలు గడిచినా వాసన రానివాళ్లకు మందుల కంటే సాధన మేలు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమెల్ 2009లో ప్రకటించిన పద్ధతి తేలికే. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలు మనసు పెట్టి పీల్చాలి. అందరికీ ఫలిస్తుందని కాదు, చేస్తే నష్టమూ లేదు. ముక్కు, చెవి, గొంతు డాక్టరును ఒకసారి కలవాలి, ఎందుకంటే వాసన పోవడానికి కరోనా ఒక్కటే కారణం కాదు.

ఇంకొక్క మాట. వంటగ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని ఈథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. ఆ కంపు తెలియనివాళ్లు ఒంటరిగా వంట చేస్తున్న ఇల్లయితే గ్యాస్ లీకును పట్టే అలారం ఒకటి కొని పెట్టండి, రాత్రి పడుకునేముందు రెగ్యులేటర్ ఆపండి, గ్యాస్ లీకైతే సాయానికి పిలవాల్సిన 1906 నంబరు వంటగదిలో గోడ మీద రాసి ఉంచండి.