జ్ఞాపకం హద్దురాళ్లు జరుపుతుంది

ఈసారి సంచికకు మతిమరుపు మీద ఏదైనా రాయమన్నారు కమిటీవారు. కోర్టు సాక్షుల జ్ఞాపకశక్తి మీద పనిచేసేదాన్ని కాబట్టి నన్ను పట్టుకున్నారు. మరిచిపోవడం వల్ల మనవాళ్లు పెద్దగా నష్టపోవడం నేను చూడలేదు. బాగా గుర్తుందనుకుని చేసిన పనుల వల్ల నష్టపోవడం మాత్రం మా ఇంట్లోనే చూశాను. అదీ హైదరాబాద్ శివార్లలోని కొంపల్లిలో. మన అసోసియేషన్‌లో ఆ చుట్టుపక్కల ప్లాటు లేని కుటుంబాన్ని వెతకాల్సిందే కాబట్టి అదే రాస్తాను.

మా మామగారు 1990ల్లో అక్కడ ప్లాటు కొన్నారు. అప్పుడది గ్రామపంచాయతీ. హైవే మీద వెళ్తుంటే ద్రాక్షతోటలు ఇంకా కనిపించేవి. ఆయన పోయాక ప్రహరీ కట్టిద్దామనుకున్నారు పిల్లలు. స్థలం చూపించడానికి వచ్చిన మధ్యవర్తి "మీది ఈస్ట్ ఫేసింగే కదమ్మా" అంటూ ఒక ఖాళీ స్థలం ముందు కారు ఆపాడు. వాట్సాప్ వీడియోలో చూసి అందరూ అదేనన్నారు. అప్పట్లో భూమిపూజ నాడు తూర్పు రోడ్డు మీద షామియానా వేసిన సంగతి కూడా అత్తయ్యకు గుర్తొచ్చింది. గోడ లేచాక అసలు యజమాని వచ్చాడు. అప్పుడు బీరువాలోంచి సేల్ డీడ్ తీస్తే, ఉత్తరాన 30 అడుగుల రోడ్డు, తూర్పున పక్కవాళ్ల ప్లాటు అని స్పష్టంగా ఉంది. కట్టిన ఖర్చూ మాదే, పడగొట్టిన ఖర్చూ మాదే.

ఇంట్లో ఎవరూ అబద్ధమాడలేదు. మామగారికి వాస్తు పట్టింపు ఎంతో అందరికీ తెలుసు. తూర్పు ముఖం తప్ప ఆయన కొనరు. కాబట్టి కొన్నది తూర్పు ముఖమే అయివుండాలి. ఆ 'అయివుండాలి' కాస్తా 'చూశాను' అయిపోయింది. ధర కుదిరితే వాస్తు కూడా సర్దుకుంటుందని ఎవరికీ తట్టలేదు.

కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే దీన్ని పుస్తకంగా రాశాడు. అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి ఇంగ్లిష్‌వాళ్లకు చదవమని ఇచ్చి, కొన్నాళ్లయ్యాక చెప్పమన్నాడు. కథలో సీల్ వేటకు బయల్దేరినవాళ్లు చాలామంది నోట చేపలు పట్టేవాళ్లయ్యారు. అర్థంకాని చోట్లు ఊడిపోయి, తెలిసిన లోకం వచ్చి కూర్చుంది. 1981లో బ్రూవర్, ట్రేయెన్స్ అనే పరిశోధకులు కొందరిని ఒక విద్యార్థి ఆఫీసు గదిలో కాసేపు కూర్చోబెట్టి, బయటికి పిలిచి, లోపల ఏమేం చూశారని అడిగారు. దాదాపు మూడో వంతు మంది పుస్తకాలు చూశామన్నారు. గదిలో ఒక్క పుస్తకం లేదు. చదువుకునేవాడి గదిలో పుస్తకాలు ఉండకపోవడమేమిటి మరి!

అందుకే ప్లాటు విషయంలో మీ పెద్దవాళ్లను అడిగే పద్ధతి గురించి కాస్త విసుగు పుట్టించేంత వివరంగా చెబుతాను. ముందు ఫ్యామిలీ గ్రూపులో అడగొద్దు. మొదట పెట్టినవారి మెసేజే తక్కినవాళ్ల జ్ఞాపకమైపోతుంది. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. జవాబు ఇమిడివున్న ప్రశ్న వేయొద్దు. "మూలన వేపచెట్టు ఉండేది కదా" అంటే అవతల వేపచెట్టు మొలుస్తుంది. "మూలన ఏముండేది?" అని ఆగండి. ఎలిజబెత్ లాఫ్టస్ 1974లో కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, ప్రశ్నలో ఒక్క క్రియ మారిస్తే సాక్షులు చెప్పే వేగం కూడా మారుతుందని తేల్చింది.

ఇంకో ఉపాయం కూడా ఉంది. 1978లో ఆండర్సన్, పిచర్ట్ ఒక ఇంటి వర్ణన చదివించి, ఇల్లు కొనేవాడిలా ఆలోచించి ఒకసారి, దొంగలా ఆలోచించి మరోసారి గుర్తుచేసుకోమన్నారు. చూపు మారాక, మొదటిసారి రాని వివరాలు బయటికొచ్చాయి. గోడ గొడవయ్యాక అత్తయ్యను నేను ప్లాటు గురించి అడగలేదు. భూమిపూజ నాడు ప్రసాదం గిన్నె పట్టుకుని ఎక్కడ నిలబడ్డారని అడిగాను. "రోడ్డు వారన ప్లాటుకేసి తిరిగి నిలబడ్డానమ్మా, పొద్దుటి ఎండ ఎడమ చెంప మీద చుర్రుమంది" అన్నారు. తూర్పు రోడ్డయితే ఎండ వీపు మీద పడాలి. ఎడమ చెంప మీద పడిందంటే రోడ్డు ఉత్తరాన ఉన్నట్టే. నిజం ఆవిడ దగ్గర ఉంది, అడగాల్సినవాళ్లు సరిగా అడగలేదు.

ఇవన్నీ అయ్యాక కాగితాలు. పాత డీడ్‌లో రంగారెడ్డి జిల్లా, కుత్బుల్లాపూర్ మండలం అని ఉంటే కంగారుపడొద్దు. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడింది. 2018లో కొంపల్లి మున్సిపాలిటీ అయింది. పాత ఏడో నంబరు హైవేకి ఇప్పుడు 44 అని పేరు. పేర్లు మారినా సర్వే నంబరు, ప్లాటు నంబరు, నాలుగు హద్దులు చూసుకోండి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)లో కూడా హద్దులు వస్తాయి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుదైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే. లేఅవుట్ కాపీ పట్టుకుని సర్వేయర్‌తో కొలిపించి, హద్దురాళ్ల దగ్గర ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు తీయించండి. దాని తర్వాతే మేస్త్రీని పిలవండి.

అయితే, ముందే తెలిసిన విషయం ఎప్పుడూ మోసమే చేస్తుందనుకుంటే మనకే అన్యాయం. మన అష్టావధానిని చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటే, చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతారు. యతి, ప్రాస, గణాలు ఒంట్లో ఇంకి ఉంటాయి కాబట్టి ఏ పాదంలో ఏది పడాలో ఛందస్సే అందిస్తుంది. చదరంగం ఆటగాళ్ల మీద చేజ్, సైమన్ 1973లో తేల్చిందీ దాదాపు ఇదే. తిరుపతి వెంకటకవులు అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఊరూరా చేసి చూపించారు. ఈ విద్యలో మనవాళ్లను మించినవాళ్లు లేరని నా నమ్మకం. నా ప్రొఫెసర్‌తో కూడా ఈ మాటే వాదించాను.

ముందే ఏమీ తెలియకపోతే గుర్తుండేదీ తక్కువే. ఇక్కడ, విదేశంలో పుట్టిన పిల్లలను ఆషాఢంలో సికింద్రాబాద్ లష్కర్ బోనాలకు తీసుకెళ్తాం. తిరిగొచ్చాక అడిగితే జనం, ఉక్క, డప్పుల చప్పుడు అంటారు. వాళ్ల తప్పేం లేదు. పోతరాజు ఎవరో, రంగంలో భవిష్యవాణి చెప్పే ఆమె పచ్చికుండ మీద ఎందుకు నిలబడిందో తెలియకపోతే మనసులో ఏ కొక్కేనికి తగిలించుకుంటారు? బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ 1972లో చూపించింది ఇదే. విషయమేమిటో ముందు చెబితే బాగా గుర్తుంటుంది, విన్నాక చెబితే దాదాపు ఉపయోగం లేదు. కాబట్టి ఈ వేసవికి వెళ్లేవాళ్లు మహంకాళి అమ్మవారి కథ పిల్లలకు విమానం ఎక్కకముందే చెప్పండి. సేల్ డీడ్ జిరాక్సు సూట్‌కేసులో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి.