మునిగిన ఓడ

విశాఖలో ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పాను. సంభావ్యత పాఠం వచ్చినప్పుడల్లా సంచిలోంచి రెండు పాచికలు తీసి బల్ల మీద వేసేదాన్ని. రిటైరయ్యాక మా మేనల్లుడు నా లాప్‌టాప్‌లో ‘కమాండ్: మోడర్న్ ఆపరేషన్స్’ అనే వార్‌గేమ్ పెట్టి, “అత్తయ్యా, ఇందులోనూ నీ పాచికలే ఉన్నాయి చూడు” అన్నాడు.

తెర మీద పెద్ద హంగేమీ లేదు. సముద్రం మ్యాపు, దాని మీద చిన్న చిన్న గుర్తులు. ఒక్కో గుర్తు వెనక ఒక ఓడో, విమానమో, జలాంతర్గామో ఉంటుంది. దాని వేగమెంత, రాడార్ ఎంత దూరం చూస్తుంది, క్షిపణులెన్ని ఉన్నాయి, అన్నీ లెక్కలే. వదిలిన క్షిపణి తగులుతుందా లేదా అన్నది ముందే రాసిపెట్టి ఉండదు. తగిలే అవకాశం నూటికి 70 అని ఇచ్చారనుకోండి. కంప్యూటర్ ఒకటి నుంచి వంద వరకు ఏదో ఒక అంకె తీస్తుంది. 70 లోపు వస్తే తగిలినట్టు, దాటితే గురి తప్పినట్టు. అందుకే ఒకే ఎత్తుగడతో రెండుసార్లు ఆడినా యుద్ధం రెండు రకాలుగా ముగియొచ్చు. సైన్యాలకూ పరిశోధకులకూ దీనికి వేరే ప్రొఫెషనల్ ఎడిషన్ ఉంది. అందులో ఒకే సన్నివేశాన్ని దానంతట అదే వందలసార్లు నడిచేలా పెట్టి, ఫలితాలన్నీ పోగుచేసుకోవచ్చు. ఒక్కసారి గెలిస్తే పాచిక కలిసొచ్చిందేమో అనుకోవాలి. వందసార్లలో ఎన్నిసార్లు గెలిచాం, ఓడిన ప్రతిసారీ దెబ్బ ఎక్కడ పడింది అని చూడటం మొదలెడితే అప్పుడది పరిశోధన.

ఇంతకీ ఆ 70 ఎవరిచ్చారు? ఎవరో మనిషే. అది 50 అయితే ఏమవుతుందో మార్చి చూడాలి. ఫలితం తల్లకిందులైతే మన ప్రణాళికంతా ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉందన్నమాట.

మొదటి వారంలోనే నా యుద్ధనౌక ఒకటి మునిగింది. మనసు ఒప్పుకోలేదు. అంతకుముందు సేవ్ చేసుకున్న చోటికి వెళ్ళి మళ్ళీ నడిపాను. ఈసారి బతికింది. సంతోషించాను కూడా. ఆ సంతోషం ఎంత ప్రమాదమో తర్వాత చరిత్ర చదివాకే తెలిసింది.

1942 మే నెలలో జపాన్ నౌకాదళ అధికారులు యమాటో యుద్ధనౌక మీద కూర్చుని, అమెరికా మీద చేయబోయే మిడ్‌వే దాడిని ముందుగా ఆడి చూసుకున్నారు. అప్పట్లో పాచికలే. శత్రువు బాంబులు తొమ్మిది తగిలాయనీ, అకాగి, కాగా అనే రెండు జపాన్ విమానవాహక నౌకలు మునిగాయనీ అంపైర్ తేల్చాడు. ఆట నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి ఆ తొమ్మిదిని మూడు చేశాడు. అకాగి బతికింది. మునిగిన కాగా కూడా తర్వాతి ఆటలో మళ్ళీ ప్రత్యక్షమైంది. జూన్ 4న అసలు యుద్ధం మొదలైంది. ఆ రెండూ, వాటితో పాటు సోర్యు, హిర్యు అనే మరో రెండు విమానవాహక నౌకలూ దెబ్బతిని సముద్రం పాలయ్యాయి.

అరవై ఏళ్ళ తర్వాత, 2002 జులై, ఆగస్టుల్లో అమెరికా ‘మిలీనియం ఛాలెంజ్’ అనే పెద్ద వార్‌గేమ్ జరిపింది. పాతిక కోట్ల డాలర్ల ఖర్చు, 13,500 మంది సిబ్బంది. కొంత నిజమైన బలగాలతో, మిగతాది ఎక్కడెక్కడి కంప్యూటర్లనో కలిపి నడిపిన సిమ్యులేషన్‌తో. అమెరికా పాత్ర బ్లూ జట్టుది, శత్రువు పాత్ర రెడ్ జట్టుది. దాని నాయకుడు రిటైరైన మెరైన్ జనరల్ పాల్ వాన్ రైపర్. రేడియోలో మాట్లాడితే వింటారని ఆయన రేడియో మానేశాడు. కబుర్లు మోటారు సైకిళ్ళ మీద పంపాడు. తర్వాత ఒక్కసారిగా క్షిపణులన్నీ వదిలాడు, వెనకే పేలుడు పదార్థాలు నింపిన చిన్న పడవలు. ఒక్కొక్కటిగా వస్తే కూల్చగల రక్షణ వ్యవస్థకు, అన్నీ కలిసి మీద పడేసరికి ఊపిరాడలేదు. ఆటలో విమానవాహక నౌకతో సహా బ్లూ జట్టు ఓడలు 16 మునిగాయి.

ఆట ఆపి ఓడలను తిరిగి తేల్చారు. అన్ని వేలమందిని రప్పించి మొదట్లోనే ముగించలేమన్నది నిర్వాహకుల మాట. అంతవరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత రెడ్ జట్టు రాడార్లను, బ్లూ జట్టు ధ్వంసం చేయడానికి వీలుగా, ఆన్ చేసి ఉంచమన్నారు. ఇది మాత్రం నాకు మింగుడుపడదు. వాన్ రైపర్ ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాడు, జరిగింది బయటికొచ్చి చెప్పాడు.

ఆ ఆగస్టులోనే మా ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మ్యూజియంగా తెరిచారు. లోపల ఇరుకు దారిలో ఒళ్ళు ముడుచుకుని, ఒకదాని మీద ఒకటి వేలాడే పడకల మధ్య నడిస్తే, తెర మీద గుర్తు మాయమైందంటే ఏం జరిగినట్టో తెలుస్తుంది.

మన దేశంలో ఇలాంటి వార్‌గేమ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పని ఢిల్లీలో డీఆర్‌డీవోకు చెందిన ‘ఇస్సా’ సంస్థ చేస్తుంది. విశాఖలో నౌకాదళానికి మారిటైమ్ వార్‌ఫేర్ సెంటర్ ఉంది. అక్కడ ఏం ఆడతారో మనకు తెలియదు, తెలియక్కర్లేదు. అంపైర్‌గా కూర్చున్న చిన్న అధికారి “ఓడ మునిగింది సర్” అంటే, పెద్ద అధికారి ఆ మాటను నిలబెట్టాలని మాత్రం ఈ ఊరి మనిషిగా గట్టిగా కోరుకుంటాను.

నిన్న రాత్రి నా ఓడ మళ్ళీ మునిగింది. వెనక్కి వెళ్ళలేదు. లాగ్ తెరిచి, తొలి క్షిపణి మా రాడార్‌కు ఏ నిమిషంలో కనబడిందో వెతుకుతూ కూర్చున్నాను.