బడిలో ఇచ్చు చిరుతిండి - పిల్లలకు కలుగు మేలు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనమునకు తోడుగా 2020లో వేరుశనగ చిక్కీని చేర్చిరి. 2023 మార్చిలో వారమునకు మూడు దినములు బెల్లము కలిపిన రాగిజావను కూడ ప్రవేశపెట్టిరి. ఇవి పిల్లల నోరు తీపి చేయుటకు మాత్రమే పెట్టినవి కావు. మన ఇంటి తిండిలోని లోటును పూడ్చుటకు పనికివచ్చునవి. ఈ చిరుతిండి వలన ఎంత మేలు కలుగునో, ఆ మేలు నిలుచుటకు రైతులు, గ్రామోద్యోగులు ఏమి చేయవలెనో ఇందు వివరింపబడినది.

అన్నములో లోటు ఏమి?

మన పిల్లల ఆహారములో అధిక భాగము వరి అన్నమే. అన్నము శక్తినిచ్చును గాని, ఎముకలకు, పండ్లకు బలమిచ్చు కాల్షియము అందు అతి స్వల్పము. 100 గ్రాముల మరబియ్యములో కాల్షియము 10 మిల్లీగ్రాములకు మించదు. అంతే తూకము రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కలదు. మాంసకృత్తులు 100 గ్రాముల బియ్యములో 7, 8 గ్రాములుండగా, వేరుశనగ పప్పులో సుమారు 25 గ్రాములుండును. ఉత్తరాంధ్రలో చోళ్లని, తెలంగాణలో తైదలని పిలువబడు ఈ రాగులు మన తాతల నాటి తిండియే.

జావ వలన మేలు

పనుల రోజులలో పెద్దలు తెల్లవారకమునుపే చేనికి పోవుదురు. పిల్లలు పరగడుపున బడికి పోవుదురు. ఆకలిగొన్న పిల్లవానికి పాఠము తలకెక్కదు. ఉదయము గ్లాసెడు జావ కడుపులో పడినచో నీరసము తగ్గును. కర్ణాటకలో బడిపిల్లలకు మూడు మాసములు చిరుధాన్యముల భోజనము పెట్టి పరిశీలించగా, వారి ఎదుగుదల అన్నము తిన్న పిల్లలకంటె మెరుగుగా నున్నదని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిరి. అయితే అది పూర్తి భోజనము. గ్లాసెడు జావలో పిండికంటె నీరే హెచ్చు. కనుక "బడిలో పెట్టుచున్నారు గదా" యని ఇంటిలో తిండి తగ్గించినచో పిల్లవానికి ఒరుగునది ఏమియు లేదు. బడి తిండి ఇంటి తిండికి తోడు కావలెనేగాని బదులు కారాదు.

తిన్నది ఒంటబట్టవలెనన్న మరికొన్ని జాగ్రత్తలు అవసరము. జావ త్రాగినవెంటనే టీ ఇవ్వవలదు. అది ఇనుమును ఒంటబట్టనీయదు. జామపండు, ఉసిరి, నిమ్మరసము ఇచ్చినచో ఇనుము బాగుగా ఒంటబట్టును. బడిలో ఇచ్చు నులిపురుగుల మాత్రను తప్పక మ్రింగించవలెను. బెల్లము పండ్లకు అంటుకొనును గనుక తిన్న పిమ్మట నోరు పుక్కిలింపజేయవలెను.

వేరుశనగ రైతు చేయవలసినది

చిక్కీలోని పప్పు ఏ రైతు చేనిలోనో పండినదే. సరిగా ఆరని కాయలకు బూజు పట్టును. అందులో ఒక రకపు బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమునకు హాని చేయును. పప్పును వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. కావున రైతులు ఈ క్రింది పద్ధతులు పాటింపవలెను.

1. పీకిన చెట్లను కాయలు పైకి వచ్చునట్లు తిరగవేసి ఆరబెట్టవలెను.

2. కాయలలో తేమ 8 శాతమునకు తగ్గువరకు ఎండబెట్టవలెను. కాయను ఊపిన గలగలలాడవలెను. పప్పును నలిపిన పైపొర ఊడిరావలెను.

3. ఒలుచుట సులువగునని కాయలపై నీరు చల్లవలదు. బూజుకు ఇదియే తావు.

4. ముడుతపడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరివేయవలెను. వాటిని పశువులకు సైతము పెట్టవలదు. విషము పాలలోనికి దిగును.

గ్రామోద్యోగులు బడికి పోయినప్పుడు రాగిపిండి, చిక్కీ నిలువలను చూడవలెను. బస్తాలు తడి నేలమీద నుంచక, బల్లలపై నుంచవలెను. గడువు తీరినవి, ముక్కవాసన వచ్చునవి పిల్లలకు పంచనీయరాదు.

రైతులు తమ మెట్టచేలలో కొద్దిపాటి భాగమునందైనను ఇంటి వాడుకకు రాగి వేసికొనవలెను. బడిలో వారమునకు మూడు దినములు దొరకు జావ అప్పుడు ఇంటిలో మిగిలిన దినములందును దొరకును. పిల్లల ఎముకలు గట్టిపడు వయస్సు ఇదియే. ఈ లోటును పిదప పూడ్చుట కష్టము.